పాత బాణీలో కొత్త బాధ: బ్రిటిష్ రెట్రో ఇండీ పాప్‌ను వినడం ఎలా?

1996లో గ్లాస్గోలో వెయ్యి కాపీలు మాత్రమే అచ్చయిన ఒక రికార్డు ఉంది. పేరు టైగర్‌మిల్క్, బ్యాండ్ పేరు బెల్ అండ్ సెబాస్టియన్. కళ్లు మూసుకుని వింటే 1966 నాటిదేమో అనిపిస్తుంది. మెత్తని గిటార్, కాస్త దూరంగా ట్రంపెట్, పక్కన కూర్చుని చెవిలో చెబుతున్నట్టుండే గొంతు. కానీ మొదటి పాటలో కథ ఏమిటంటే, అక్క పెళ్లిరోజున అన్న తను స్వలింగ ప్రియుణ్నని ఇంట్లోవాళ్లకు చెప్పేస్తాడు. కథ చెప్పేవాడు చర్చిలో ఒప్పుకున్న పాపాలన్నీ ఫాదర్ గుర్తుపెట్టుకుని పాకెట్ నవల రాసేస్తాడు. 1966లో ఇది రేడియోలో పాడే సంగతి కాదు సరికదా, మగవాళ్ల మధ్య అలాంటి సంబంధం స్కాట్లాండ్‌లో 1980లో చట్టం మారేదాకా నేరం కిందే లెక్క.

పెద్ద కంపెనీలకు బయట పుట్టి, పాత మోతను అరువు తెచ్చుకునే ఈ రెట్రో ఇండీ పాప్ రుచంతా ఇక్కడే ఉంది. మోత ఒక కాలానిది, మాట ఇంకో కాలానిది. రెండింటి మధ్య పొసగనితనాన్ని పట్టుకోగలిగితే ఈ పాటలు మిమ్మల్ని వదలవు. పట్టుకోలేకపోతే "ఇదంతా బీటిల్స్ ఎప్పుడో చేసిందే కదా" అని పక్కన పెట్టేస్తారు. చాలామంది అక్కడే ఆగిపోతారు. హాస్టల్ గదుల్లో ఒయాసిస్ బ్యాండ్ పాట వండర్‌వాల్ వాయించడం నేర్చుకుని, ఆర్కిటిక్ మంకీస్ దాకా వచ్చి, ఆ తర్వాత ఎటు వెళ్లాలో తెలియని వాళ్ల కోసం ఈ దారి రాస్తున్నాను.

మొదటి మెట్టు: అసలువి కొన్ని వినండి

అరువు తెచ్చుకున్నది ఏదో తెలియాలంటే ఎవరి దగ్గర తెచ్చారో తెలియాలి. దానికి అరవైల సంగీతమంతా తవ్వక్కర్లేదు. కొన్ని పాటలు చాలు.

రోనెట్స్ పాడిన బి మై బేబీ (1963) మొదటి నాలుగు సెకన్లు వినండి. హాల్ బ్లేన్ డ్రమ్స్ ఒక్కటే ఉంటాయి: ధమ్, ధ-ధమ్, ఠాప్. పాప్ చరిత్రలో ఇంతగా ఎత్తుకుపోయిన దరువు మరొకటి లేదేమో. 1985లో జీసస్ అండ్ మేరీ చెయిన్ అనే స్కాటిష్ బ్యాండ్ జస్ట్ లైక్ హనీ పాటను సరిగ్గా దీనితోనే మొదలుపెట్టి, పైన గిటార్ రొద కుమ్మరించింది. 2001లో గ్లాస్గో బ్యాండ్ కెమెరా అబ్‌స్క్యూరా ఎయిటీస్ ఫ్యాన్ పాటలో మళ్లీ ఇదే. పాట పేరులో ఎనభైలు, దరువులో అరవైలు, వచ్చిన ఏడాది 2001. ఈ తరహా వాళ్ల చమత్కారం అలా ఉంటుంది.

తర్వాత బర్డ్స్ వాయించిన మిస్టర్ టాంబూరిన్ మ్యాన్ (1965). ఇందులో వినాల్సింది పన్నెండు తీగల రికెన్‌బ్యాకర్ గిటార్. గాజుల గలగలలా మోగే ఆ నాదం లేకపోతే ఇండీ పాప్ సగం లేదు. బర్డ్స్ అమెరికావాళ్లు. అయినా వాళ్ల రోజర్ మెగ్విన్ ఆ గిటార్ కొన్నది 1964లో బీటిల్స్ సినిమాలో జార్జ్ హారిసన్ చేతిలో చూశాకే. అంటే లివర్‌పూల్ నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్లి, ఇరవై ఏళ్లకు మాంచెస్టర్‌లో స్మిత్స్ బ్యాండ్ గిటారిస్టు జానీ మార్ చేతికి తిరిగొచ్చిందన్న మాట. ఈ సంగీతంలో "స్వచ్ఛమైన బ్రిటిష్" కోసం వెతికేవాళ్లకు ఆదిలోనే చుక్కెదురు.

మూడోది కింక్స్ వారి వాటర్లూ సన్‌సెట్ (1967). కిటికీ దగ్గర కూర్చున్నవాడు స్టేషన్ దగ్గర కలుసుకునే టెర్రీ, జూలీ అనే జంటను చూస్తుంటాడు. అంతే పాట. పెద్ద ప్రేమకథ లేదు, చూసేవాడి ఒంటరితనం మీద ఫిర్యాదు లేదు. మామూలు ఊళ్లో, మామూలు మనుషుల మీద, పేర్లు పెట్టి పాట రాయవచ్చని కింక్స్ గాయకుడు రే డేవిస్ చూపించాడు. ముప్ఫై ఏళ్ల తర్వాత వచ్చిన వాళ్లంతా ఆయనకు బాకీ ఉన్నారు. 1995లో బ్లర్ గాయకుడు డేమన్ ఆల్బర్న్ టీవీలో ఆయన పక్కన కూర్చుని ఇదే పాట కలిసి పాడాడు.

వీలైతే శాండీ షా పాట ఒకటి, జాంబీస్ వారి ఓడిసీ అండ్ ఒరాకిల్ (1968), స్కాట్ వాకర్ సోలో రికార్డుల్లో ఒకటి చేర్చుకోండి. వీళ్లలో శాండీ షానూ వాకర్‌నూ కింద మళ్లీ తలుచుకోవాల్సి వస్తుంది.

రెండో మెట్టు: ఒక్క పాటను పట్టుకుని మూడుసార్లు

వంద పాటల ప్లేలిస్ట్ పెట్టుకుని పని చేసుకుంటూ వింటే అన్నీ ఒకేలా ఉంటాయి. ఒక్క పాటతో కూర్చోండి. నా ఎంపిక కెమెరా అబ్‌స్క్యూరా 2006లో తెచ్చిన లాయిడ్, ఐయామ్ రెడీ టు బి హార్ట్‌బ్రోకెన్.

మొదటిసారి మాటలు వదిలేసి మోత మాత్రం వినండి. ముందు ఆర్గన్ వస్తుంది, చర్చిలో ఆదివారం పొద్దున వినిపించేలాంటిది. పెళ్లికూతురు నడిచి వస్తుందేమో అనుకునేలోపు డ్రమ్స్ అందుకుని డాన్స్ హాల్ అయిపోతుంది. వాయులీనాలు ఎగసిపడతాయి. ప్రతి వాద్యం చుట్టూ కాస్త ఖాళీ, కాస్త ప్రతిధ్వని. పెద్ద హాల్లో అందరూ ఒకేసారి వాయిస్తున్నట్టుంటుంది. అరవైల స్టూడియోల్లో అది అవసరం కొద్దీ వచ్చిన లక్షణం. ట్రాకులు తక్కువ కాబట్టి ఒకే గదిలో కలిసి వాయించక తప్పేది కాదు. 2006లో ఆ అవసరం ఎవరికీ లేదు. కావాలని ఎంచుకున్నారు.

రెండోసారి గొంతు మీద మనసు పెట్టండి. ఇంత పండుగ వాతావరణంలో ట్రేసియాన్ క్యాంప్‌బెల్ ఎలా పాడుతోంది? అరవదు, సాగదీయదు, సన్నాయి నొక్కులు నొక్కదు. బస్టాప్‌లో నిలబడి స్నేహితురాలితో మాట్లాడినట్టు పాడుతుంది. మన సినిమా పాటకు అలవాటుపడిన చెవికి మొదట్లో "ఈమెకు పాడటం వచ్చా" అనే అనుమానం వస్తుంది. ఓపిక పట్టండి. సుశీల గారి గమకం కోసం ఇక్కడ వెతికితే దొరకదు. ఈ సంప్రదాయంలో గొంతు పని కళ చూపించడం కాదు, పక్కన కూర్చోవడం. చుట్టూ అంత ఆర్భాటం, మధ్యలో అంత నిదానం. అదే గనక పెద్ద గొంతుతో పాడి ఉంటే పాట మొత్తం మిఠాయి అయిపోయేది.

మూడోసారి మాటలు ముందు పెట్టుకుని వినండి. గుండె పగలడానికి నేను సిద్ధం అంటోంది ఆవిడ, సంబరంగా. ఈ లాయిడ్ ఎవరు? లాయిడ్ కోల్. 1984లో తన బ్యాండ్ కమోషన్స్‌తో "గుండె పగలడానికి సిద్ధమేనా?" అని అడిగే పాట పాడినవాడు. ఇరవై రెండేళ్ల కిందటి ప్రశ్నకు గ్లాస్గో అమ్మాయి చెప్పిన జవాబు ఇది. ఆ బ్యాండ్ పుట్టింది కూడా గ్లాస్గోలోనే. ఒక పాట లోపల ఇంకో పాట తాలూకు సంభాషణ నడుస్తోంది. తెలియకపోయినా పాట బాగుంటుంది, తెలిస్తే పెదవి మీద నవ్వొస్తుంది.

అన్నట్టు, ఆ ఆర్గన్ వాయించిన క్యారీ ల్యాండర్ 2015లో ఎముకల కేన్సర్‌తో చనిపోయింది. ఆ సంగతి తెలిశాక ఆ మొదటి క్షణాలు నాకు మునుపటిలా వినబడటం లేదు.

మూడో మెట్టు: ఎవరు, ఏ ఊరు, ఏ వర్గం

బ్రిటన్‌లో యాసను బట్టి ఊరు, ఊరిని బట్టి వర్గం చెప్పేస్తారు. మనకు కొత్తేమీ కాదు. శ్రీకాకుళం మాటనూ నెల్లూరు మాటనూ రెండు వాక్యాల్లో గుర్తుపట్టే వాళ్లం. ఎనభైల దాకా చాలామంది ఇంగ్లీష్ గాయకులు పాట అందుకోగానే అమెరికన్ యాసలోకి జారిపోయేవారు. ఇండీవాళ్లు సొంత యాసలో పాడటాన్ని పట్టుదలగా పెట్టుకున్నారు. అందుకే సాహిత్యాన్ని పక్కన పెట్టుకుని వినడం ఇక్కడ సిగ్గుపడాల్సిన పని కాదు.

దీనికి పాఠ్యపుస్తకం పల్ప్ వారి కామన్ పీపుల్ (1995). షెఫీల్డ్ కుర్రాడు జార్విస్ కాకర్ 1978 నుంచి ఈ బ్యాండ్ నడుపుతూ, మధ్యలో లండన్‌లో సెయింట్ మార్టిన్స్ కాలేజీలో చదివాడు. గ్రీస్ నుంచి వచ్చిన డబ్బున్న అమ్మాయి ఒకతె "నాకు మామూలు జనంలా బతకాలనుంది" అంటుంది పాటలో. సరే పద అని సూపర్ మార్కెట్‌కు తీసుకెళ్లి, డబ్బు లేనట్టు నటించమంటాడు. ఆమె పగలబడి నవ్వుతుంది. అతనికి మాత్రం ఇక్కడ నవ్వేవాళ్లెవరూ కనబడరు. బొద్దింకలు గోడెక్కుతున్నా నాన్నకు ఒక్క ఫోన్ చేస్తే నీకు అన్నీ ఆగిపోతాయి, మాకు అలా ఆగదు అని పాట చివరికొచ్చేసరికి కోపంతో ఊగిపోతాడు. పాట వేగం కూడా అతనితో పాటే పెరుగుతూ పోతుంది, గమనించండి. మొదట్లో నడక, ఆఖర్లో పరుగు.

మరి ఇందులో రెట్రో ఏముంది? క్యాండిడా డాయిల్ వాయించే ఫార్ఫిసా ఆర్గన్. అరవైల్లో పెళ్లి బ్యాండ్లకూ చిన్న క్లబ్బులకూ అమ్మిన ఇటాలియన్ వాద్యం. ఎనభైల్లో అందరూ కొత్త డిజిటల్ సింథసైజర్ల వెంట పడుతుంటే ఇలాంటివి పాత సామాన్ల దుకాణాల్లో చవగ్గా దొరికేవి. డబ్బు లేనివాళ్లు కొనగలిగింది అదే. అంటే డబ్బు లేకపోవడం గురించి రాసిన పాటలో వినిపించే ఆ చవకబారు కీచుదనం అలంకారం కోసం పెట్టింది కాదు, పాట చెబుతున్న విషయంలోనే భాగం.

ఈ పాట బ్రిటిష్ చార్టులో రెండో స్థానంలో ఆగిపోయింది. ఒకటో స్థానంలో ఉన్నది రాబ్సన్, జెరోమ్ అనే ఇద్దరు టీవీ నటులు పాడిన అన్‌చెయిన్డ్ మెలడీ. యాభైల నాటి పాటను ఉన్నదున్నట్టు మళ్లీ పాడారు. పాతదాన్ని వాడటానికీ పాతదాన్ని అమ్మడానికీ తేడా చూపించాలంటే ఆ వారాల చార్టును మించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

నాలుగో మెట్టు: కంపెనీల పేర్లు గుర్తుపెట్టుకోండి

మనం సంగీత దర్శకుణ్ని బట్టి పాట వింటాం. ఇండీలో రికార్డు కంపెనీని బట్టి వింటారు. ఒక కంపెనీలో ఒకటి నచ్చితే పక్కనున్న నాలుగూ నచ్చే అవకాశం ఎక్కువ, ఎందుకంటే వాటి వెనక ఉన్నది వ్యాపార లెక్కలు కాదు, ఎవరో ఒకరిద్దరి అభిరుచి.

మొదలు ఇలా. 1977 జనవరిలో మాంచెస్టర్ బ్యాండ్ బజ్‌కాక్స్ అప్పు చేసిన 500 పౌండ్లతో సొంతంగా ఒక ఈపీ, అంటే కొద్ది పాటల చిన్న రికార్డు తెచ్చింది. పెద్ద కంపెనీ గుమ్మం ఎక్కకుండానే రికార్డు చేసి అమ్ముకోవచ్చని అందరికీ తెలిసింది. లండన్‌లో 1976లో దుకాణంగా తెరిచిన రఫ్ ట్రేడ్ 1978లో కంపెనీ కూడా పెట్టింది. ఇలాంటి రికార్డులు ఎన్నొచ్చాయంటే 1980 జనవరి నుంచి వాటికి విడిగా ఇండీ చార్టే మొదలైంది. ఆ చార్టులో చోటు దక్కాలంటే పాట ఏ తరహాదని అడిగేవారు కాదు, పెద్ద కంపెనీల పంపిణీ లేకుండా దుకాణానికి చేరిందా అని చూసేవారు. తర్వాత్తర్వాత ఇండీ అనేది ఒక శైలి పేరుగా స్థిరపడింది.

ఆ శైలికి రెట్రో రంగు అద్దిన వాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది గ్లాస్గోలోని పోస్ట్‌కార్డ్. అలన్ హార్న్ అనే కుర్రాడు నడిపిన బుల్లి కంపెనీ. అమెరికాలో మోటౌన్ రికార్డు కంపెనీ "యువ అమెరికా స్వరం" అని చెప్పుకునేది కాబట్టి ఈయన తన రికార్డుల మీద "యువ స్కాట్లాండ్ స్వరం" అని వేసుకున్నాడు. సగం వెటకారం, సగం ఆశ. అక్కడి ఆరెంజ్ జ్యూస్ బ్యాండ్ పంక్ కుర్రాళ్ల ముతక కోపాన్ని వదిలేసి, బర్డ్స్ గిటార్లనూ అమెరికన్ బ్యాండ్ షిక్ డిస్కో లయనూ కలిపి, సిగ్గుపడే అబ్బాయి ప్రేమగీతాలు పాడింది. మగతనం అంటే గుండె చరుచుకోవడమేనని నమ్మే రాక్ లోకంలో ఇది చిన్న తిరుగుబాటు కాదు.

1986లో ఎన్‌ఎంఈ అనే సంగీత వారపత్రిక 22 బ్యాండ్ల పాటలతో సీ86 అని క్యాసెట్ విడుదల చేసింది. గలగలలాడే గిటార్లు, హడావిడి దరువు, నేర్చీ నేర్వని వాయింపు. అందులో అన్నీ ఒకే తరహావి కావు గానీ, తర్వాత ఆ పేరే ఒక తరహాకు గుర్తయి కూర్చుంది.

ఇక బ్రిస్టల్‌లోని సారా రికార్డ్స్. నాకు అన్నిటికంటే ఇష్టమైనది. క్లేర్ వాడ్, మ్యాట్ హేన్స్ అనే ఇద్దరు 1987లో మొదలుపెట్టారు. పన్నెండు అంగుళాల సింగిల్స్, ఒకే పాటకు నాలుగు రకాల రూపాలు పెట్టి అభిమానుల జేబు కత్తిరించడం పెద్ద కంపెనీల అలవాటు. వీళ్లు ఏడంగుళాల రికార్డునే నమ్ముకున్నారు. పాటల సంకలనాలకు తమ ఊరి చుట్టుపక్కల పేర్లు పెట్టారు. ఆ ఊరికి ఏ నంబరు బస్సు వెళ్తుందో సంకలనానికీ అదే నంబరు. టెంపుల్ క్లౌడ్ అనే పల్లె మీదుగా పోయేది 376 బస్సు, కాబట్టి ఆ రికార్డు సారా 376. 1995లో విడుదలల వరస నూరుకు చేరగానే పత్రికల్లో ప్రకటన ఇచ్చి కంపెనీ మూసేశారు. నష్టమొచ్చి కాదు, చెప్పదలచుకున్నది అయిపోయిందని.

వాళ్ల దగ్గర రికార్డులు తెచ్చిన హెవెన్లీ అనే బ్యాండ్‌ను తప్పక వినండి. పత్రికలవాళ్లు పసిపిల్లల పాటలని ఎగతాళి చేశారు. తీయని వరసల కింద ఆడపిల్లలకు జరిగే బలవంతాల గురించి ఉన్నదాన్ని వాళ్లు విన్నారో లేదో మరి. గాయని అమీలియా ఫ్లెచర్ తర్వాత బ్రిటన్‌లో పోటీ చట్టాల మీద పేరున్న ఆర్థికవేత్త అయ్యారు, ప్రభుత్వ సంస్థలో ప్రధాన ఆర్థికవేత్తగా పనిచేశారు. బ్యాండ్లు మాత్రం మానలేదు.

ఐదో మెట్టు: కవరు చూడండి

ఫోన్ తెరమీద గోరంత బొమ్మగా కాదు, పెద్దది చేసి చూడండి. స్మిత్స్ రికార్డుల ముందు అట్ట మీద బ్యాండ్‌వాళ్ల ముఖాలు దాదాపు ఎప్పుడూ ఉండవు. 1986 నాటి ద క్వీన్ ఈజ్ డెడ్ మీద ఫ్రెంచి నటుడు అలన్ డెలన్. మరో సంకలనం మీద సాల్ఫర్డ్ నాటక రచయిత్రి షీలా డెలానీ. పంతొమ్మిదేళ్ల వయసులో కార్మికవాడ అమ్మాయి కథతో లండన్ రంగస్థలాన్ని కుదిపిన మనిషి. అంటే కవరు చూస్తే వీళ్లు ఏ పుస్తకాలు చదివారో, ఏ సినిమాలు చూశారో తెలిసిపోతుంది. ఊళ్లో లైబ్రరీ కార్డు తప్ప మరేమీ లేని కుర్రాడికి ఒక చదువు లాంటిది. చాలామంది ఆ నాటకాలను ఈ కవర్ల వల్లే వెతుక్కుని చదివారు.

శాండీ షాను తలుచుకుంటానన్నాను కదా. అరవైల్లో వేదిక మీద చెప్పుల్లేకుండా పాడి పేరు తెచ్చుకున్న ఆమెను స్మిత్స్ వెతికి పట్టుకుని, తమ పాట హ్యాండ్ ఇన్ గ్లవ్‌ను 1984లో ఆమె చేత పాడించారు. చార్టులో 27వ స్థానం. టీవీలో ఈసారి బ్యాండ్ కుర్రాళ్లు చెప్పులు విడిచి వాయించారు.

ఆరో మెట్టు: నకలేదో పనికొచ్చిందేదో తేల్చుకోండి

రాత్రి మిగిలిన అన్నాన్ని వేడిచేసి వడ్డించేవాళ్లున్నారు, పొద్దున్నే తాలింపు వేసి పులిహోర కలిపేవాళ్లున్నారు. రెండూ పాత అన్నమే. తేడా తెలుసుకోవడానికి నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఈ పాట నిజంగా 1966లో రాగలిగేదా? రాగలిగేదే అయితే 1966 నాటిదే వింటాను, ఇది ఎందుకు?

ఈ తూకంలో ఒయాసిస్ నాకు కొంచెం తేలిపోతుంది. మొదటి రెండు రికార్డుల ఊపును కాదనను. కానీ బీటిల్స్ పెట్టెలోంచి తీసిన వస్తువును బీటిల్స్ వాడినట్టే వాడితే నాలుగోసారికి విసుగొస్తుంది. 1995 ఆగస్టులో బ్లర్, ఒయాసిస్ ఒకే రోజు సింగిల్స్ విడుదల చేసి టీవీ వార్తలకెక్కిన పోటీలో బ్లర్ 2,74,000 కాపీలతో, ఒయాసిస్ 2,16,000తో నిలిచాయి. నిజం చెప్పాలంటే రెండూ ఆ బ్యాండ్ల మంచి పాటలు కావు.

దీనికి ఎదురు చివర సెయింట్ ఎటియెన్ అనే బ్యాండ్. బాబ్ స్టాన్లీ, పీట్ విగ్స్ ఇద్దరూ పాత రికార్డుల పిచ్చివాళ్లు. అయినా 1991లో వాళ్లు తెచ్చిన ఫాక్స్‌బేస్ ఆల్ఫాలో గిటార్ బ్యాండ్ వేషం లేదు. నథింగ్ కెన్ స్టాప్ అస్ పాటలో డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్ రికార్డులోంచి ఒక ముక్క కత్తిరించి, క్లబ్ దరువు మీద తిప్పి, దాని పైన సారా క్రాక్‌నెల్ గొంతు పరిచారు. 1966లో ఆ పాట సాధ్యం కాదు. 1966 లేకపోయినా సాధ్యం కాదు.

స్కాట్ వాకర్ తీగ కూడా పట్టుకోండి. అమెరికాలో పుట్టి, బ్రిటన్‌లో స్టార్ అయి, ఆర్కెస్ట్రాల మధ్య నిలబడి చావు గురించీ ఒంటరి గదుల గురించీ పాడినవాడు. 2008లో ఆర్కిటిక్ మంకీస్ గాయకుడు అలెక్స్ టర్నర్, మైల్స్ కేన్ కలిసి లాస్ట్ షాడో పపెట్స్ పేరుతో ఆ ఆర్కెస్ట్రా మోతను మళ్లీ లేపారు. గుర్రాలు పరిగెత్తుతున్నట్టుండే ఆ రికార్డు నేరుగా ఒకటో స్థానానికి వెళ్లింది. సరదాగా ఉంటుంది, కానీ నాకది మంచి వేషం మాత్రమే. పల్ప్ ఇంకో అడుగు వేసి, 2001లో తమ రికార్డుకు వాకర్‌నే నిర్మాతగా పెట్టుకుంది. అందులో బ్యాడ్ కవర్ వర్షన్ అనే పాట ఉంది. నన్ను వదిలి నువ్వు వెళ్లిన కొత్తవాడు నాకు చెత్త నకలు అని పాడుతూ, నకళ్ల జాబితా చదువుతాడు కాకర్. ఆ జాబితాలో స్కాట్ వాకర్ పాత రికార్డు ఒకదాని రెండో వైపు కూడా ఉంది. ఆయన స్టూడియోలోనే కూర్చుని ఉన్నాడు. రెట్రో మీద రెట్రోవాళ్లే వేసుకున్న ఇంత మంచి జోకు ఇంకోటి లేదు.

అదే షెఫీల్డ్ నుంచి రిచర్డ్ హాలీ 2005లో తెచ్చిన కోల్స్ కార్నర్ కూడా వినండి. కోల్ బ్రదర్స్ అనే పెద్ద దుకాణం ముందు మూల ఒకప్పుడు ఆ ఊరి జంటలు కలుసుకునే చోటు. దుకాణం 1960ల్లోనే అక్కణ్నుంచి తరలిపోయింది. పాటలో ఒకడు అక్కడికి బయల్దేరతాడు, ఎవరో ఒకరు కలుస్తారేమోనని. కవరు ఫోటో తీయడానికి ఆ చోటు మిగల్లేదు కాబట్టి స్కార్‌బరోలో ఒక థియేటర్ ముందు, చేతిలో పూలగుత్తితో నిలబడ్డాడు హాలీ. పాత మోత ఎందుకు కావలసి వచ్చిందో ఈ పాటను అడగనక్కర్లేదు. మరుసటి ఏడాది ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ బహుమతి ఆర్కిటిక్ మంకీస్‌కు వస్తే, వేదికెక్కిన టర్నర్ పోలీసులను పిలవండి, హాలీని దోచుకున్నారు అన్నాడు.

ఏడో మెట్టు: ఎవరి పాత రోజులు?

ఈ మెట్టు దాటకుండా పోకూడదు. పాత బ్రిటన్ మీద మోజులో ఒక చేదు కూడా ఉంది. ఆ నలుపు తెలుపు ఫోటోల్లో మన రంగువాళ్లు కనబడరు. 1992లో స్మిత్స్ మాజీ గాయకుడు మారిసీ లండన్‌లో ఒక కచేరీలో యూనియన్ జాక్ జెండా చుట్టుకుని కనిపించినప్పుడు, జాత్యహంకార మూకలతో సరసమాడుతున్నాడని పత్రికలు నిలదీశాయి. ఆ ఏడాదే ఒక చిన్న బ్యాండ్ ఆయన రికార్డు కంపెనీ ఆఫీసు ముందు ఆయన పోస్టర్లను తగలబెట్టింది. ఆ బ్యాండే కార్నర్‌షాప్. ఆసియావాళ్లంటే మూల మీది కిరాణా కొట్టువాళ్లు అనే వెక్కిరింపునే పేరుగా తగిలించుకున్నారు.

వాళ్ల తజిందర్ సింగ్ 1997లో బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆశా రాశాడు. మూడే కార్డ్స్, ఎవరైనా సాయంత్రానికి వాయించేయవచ్చు. అందులోని ఆశా అంటే మన ఆశా భోస్లే. లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీ పేర్లు కూడా వస్తాయి. పదే పదే వచ్చే 45 అంటే నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డు. మన ఇళ్లలో ఘంటసాల పాటల ఈపీలు తిరిగింది కూడా ఆ వేగంతోనే. మొదట ఈ పాట అరవయ్యో స్థానంలో పడి మునిగిపోయింది. డీజే నార్మన్ కుక్ వేగం పెంచి చేసిన రీమిక్స్ 1998 ఫిబ్రవరిలో ఒకటో స్థానం ఎక్కింది. నేను మాత్రం అసలుదే వినమంటాను. అందులో తొందర లేదు.

అదే రికార్డు చివర బీటిల్స్ నార్వీజియన్ వుడ్‌ను పంజాబీలో పాడారు. 1965లో సితార్‌ను బ్రిటిష్ పాప్‌లోకి తీసుకెళ్లిన పాట అది. దాన్ని తిరిగి తెచ్చుకున్నారు. బ్రిటిష్ రెట్రో అన్నది ఆ దేశపు అందరి సొత్తు అని ఇంత తేలిగ్గా చెప్పినవాళ్లు లేరు. 2007లో చందమామ సినిమాలో "నాలో ఊహలకు" పాడిన గొంతు ఆశాదే కాబట్టి, తెలుగువాళ్లకు ఈ పాట మరీ పరాయిదేమీ కాదు.

ఎనిమిదో మెట్టు: వినే పద్ధతి

అరవైల పాటల స్టీరియో మిక్స్‌ల్లో చాలాసార్లు డ్రమ్స్ ఒక చెవిలో, గొంతు ఇంకో చెవిలో వస్తాయి. ఇయర్‌ఫోన్‌లో తల తిరుగుతుంది. రెండు చెవుల్లోనూ ఒకేలా వినిపించే మోనో మిక్స్ దొరికితే అదే వినండి, లేదా స్పీకర్ పెట్టుకోండి. తొంభైల తర్వాతి వాటికి ఈ బాధ లేదు.

రికార్డును వరస మార్చకుండా వినండి, షఫుల్ వద్దు. మొదలుపెట్టడానికి బెల్ అండ్ సెబాస్టియన్ రెండో రికార్డు ఇఫ్ యు ఆర్ ఫీలింగ్ సినిస్టర్, ఎర్ర కవరుది. తర్వాత పల్ప్ వారి డిఫరెంట్ క్లాస్. ఆ తర్వాత స్మిత్స్. సారా కంపెనీ పాటలు నాలుగోసారికి పెట్టుకోండి, ముందే వింటే రికార్డింగ్ ముతకదనం అడ్డొస్తుంది. బర్మింగ్‌హామ్ బ్యాండ్ బ్రాడ్‌కాస్ట్‌ను చివరికి ఉంచుకోండి. బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌లో అరవైల్లో టేపులు కత్తిరించి, అతికించి పుట్టించిన వింత శబ్దాలను వీళ్లు పాటలుగా మలిచారు. ట్రిష్ కీనన్ 2011లో నలభై రెండేళ్లకే పోయింది. ఆమె గొంతు వేరే గ్రహం నుంచి వచ్చే ఆకాశవాణిలా ఉంటుంది.

బీబీసీ 6 మ్యూజిక్ రేడియో కూడా పనికొస్తుంది. 2010లో మూసేస్తామంటే శ్రోతలు గొడవ చేసి నిలబెట్టుకున్న స్టేషన్ అది.

తొమ్మిదో మెట్టు: అక్కడే ఉంటే

చదువుకో ఉద్యోగానికో బ్రిటన్ వెళ్లి ఉంటే మీ అదృష్టం. గ్లాస్గోలో మోనోరైల్ అనే రికార్డు దుకాణం ఉంది, పాస్టెల్స్ బ్యాండ్ స్టీఫెన్ నడిపేవాళ్లలో ఒకరు. కౌంటర్ దగ్గర "ఫలానాది నచ్చింది, ఇంకేం వినాలి" అని అడగండి. మొహమాటం వద్దు, వాళ్లకు కావలసింది అదే. లండన్ బ్రిక్ లేన్ దగ్గర రఫ్ ట్రేడ్ ఈస్ట్, లీడ్స్‌లో కచేరీలకు బ్రూడనెల్ సోషల్ క్లబ్. సాల్ఫర్డ్ లాడ్స్ క్లబ్ ముందు స్మిత్స్ నిలబడిన చోట ఫోటో దిగడం అందరూ చేసేదే, మీరూ దిగండి. పాత వస్తువుల కోసం ఆక్స్‌ఫామ్ లాంటి చారిటీ షాపులు తిరగండి, ఒక్కోసారి చవగ్గా మంచి ఎల్పీ చేతికి తగులుతుంది. టైగర్‌మిల్క్ మొదటి అచ్చు మాత్రం ఆశించకండి. 1999లో మళ్లీ విడుదల కాకముందు దానికి వందల పౌండ్లు పెట్టి కొన్నారు.

చిన్న హాళ్లలో కచేరీకి వెళ్తే తలుపులు తీసే వేళకే ఉండండి. టికెట్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు చాలా ఆలస్యంగా వస్తుంది. ముందు వాయించే ఒకరిద్దరి కోసం ఎవరూ రారు, అందరూ కింద బార్‌లో ఉంటారు. 1993 మే 31న గ్లాస్గోలోని కింగ్ టట్స్‌లో క్రియేషన్ అనే రికార్డు కంపెనీ యజమాని అలన్ మెగీ తన కంపెనీ బ్యాండ్‌ను చూడటానికి వెళ్లాడు. ఆ రోజు ముందు వాయించిన వాళ్లలో మాంచెస్టర్ నుంచి వ్యానులో వచ్చిన, ఎవరికీ తెలియని ఒక బ్యాండ్ ఉంది. దాని పేరు ఒయాసిస్.